ఒక్క టైరే పోయింది, మిగతా మూడూ బాగున్నాయి... ఇప్పుడేం చెయ్యాలి?

వర్షాకాలం అయిపోతుందంటే మన శీర్షికకి టైర్ల ప్రశ్నలు వరసగా వచ్చేస్తాయి. ఈసారి వచ్చినవాటిలో మూడు ఇంచుమించు ఒకటే సమస్య, ఇంజను బలం నాలుగు చక్రాలకీ వెళ్లే బండికి, అంటే ఆల్ వీల్ డ్రైవ్‌కి, ఒక టైరు పాడైతే ఎన్ని మార్చాలి అని. బళ్లు వేరు, ఊళ్లు వేరు, కాబట్టి జవాబులూ వేరే. అందుకే మూడూ కలిపి ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారం సార్. మాది హైదరాబాద్, కొండాపూర్. మా టయోటా హైరైడర్ కారు ఆల్ వీల్ డ్రైవ్, 24,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల వానలో నీళ్లు నిలిచిన గుంత కనపడక ముందు ఎడమ చక్రం అందులో పడింది, టైరు సైడ్‌వాల్, అంటే పక్క గోడ, రెండంగుళాల మేర చీరుకుపోయింది. పంచరు షాపాయన లోపల్నుంచి ప్యాచ్ వేసేస్తా అన్నాడు. టైర్ల షాపులోనేమో ఒక్కటి కొత్తది వేసుకోండి చాలు అన్నారు. ఇంకోచోట అడిగితే ఆల్ వీల్ డ్రైవ్ కదా నాలుగూ మార్చాల్సిందే అన్నారు. ఒక్కో టైరు పదివేలు అంటున్నారు, మూడు మంచి టైర్లు పక్కన పడెయ్యాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. మా నాన్నగారు పాతికేళ్లు అంబాసిడర్ నడిపారు, ఏది పోతే అదొక్కటే మార్చేవారు, ఏమీ కాలేదు. టైర్ల షాపు అబ్బాయి గేజి పెట్టి రాసిచ్చిన టైరు గాడుల లోతు ఇది: ముందు కుడి 5.5, వెనక ఎడమ 6.4, వెనక కుడి 6.5 మిల్లీమీటర్లు, కొత్త టైరైతే 8. స్టెప్నీ సైజు వేరు. టైర్లు ఎప్పుడూ రొటేషన్ (ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చడం) చేయించలేదు. నన్నేం చెయ్యమంటారు?

జవాబు: ముందుగా ఆ ప్యాచ్ సంగతి. వద్దు సార్, దయచేసి వెయ్యించకండి. మేకు దిగి నేల మీద ఆనే భాగంలో, అంటే ట్రెడ్‌లో, చిన్న బొక్క పడితే లోపల్నుంచి మష్రూమ్ ప్యాచ్ వేసుకోవచ్చు, అదీ బొక్క 6 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే. సైడ్‌వాల్ అలా కాదు, బండి బరువుకి అది ప్రతి చుట్టులోనూ ఒంగి లేస్తుంది, లోపలి దారాలు తెగాక పైన రబ్బరు ఎంత అతికించినా ఆ ఒంపు దగ్గర నిలబడదు. నిలబడనిది ఇంటి ముందు ఆపినప్పుడు తెలియదు, ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో వెళ్తున్నప్పుడు తెలుస్తుంది. చీరుకుపోకుండా పక్కన ఉబ్బి బుడిపెలా లేచినా ఇదే మాట, అది కూడా లోపల దారాలు తెగినట్టే. ఆ టైరు పని అయిపోయింది.

ఇక మీ నాన్నగారి అంబాసిడర్. ఆయన చేసింది తప్పేం కాదు. ఆ బండికి ఇంజను బలం వెనక రెండు చక్రాలకే వెళ్తుంది, ముందు చక్రాలు దేనికీ కట్టుబడకుండా వాటంతట అవి దొర్లుతాయి. వెనక రెంటికీ మధ్య డిఫరెన్షియల్ ఉంటుంది, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి కాబట్టి ఆ తేడా సర్దడమే దాని ఉద్యోగం. టైరు కొంచెం పెద్దదైనా చిన్నదైనా ఆ తేడా కూడా అదే సర్దుకునేది.

మీ బండిలో ముందు యాక్సిలుకీ వెనక యాక్సిలుకీ కూడా సంబంధం ఉంది, మధ్యలో ఒక కప్లింగు వాటిని కలుపుతుంది. తిప్పలంతా అక్కడే. ఎందుకంటే కొత్త టైరు అరిగిన టైరు కంటే చుట్టుకొలతలో పెద్దది. కంటికి కనపడదు కానీ లెక్క వేస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మీ సైజు 215/60 ఆర్17, కొత్తగా ఉన్నప్పుడు చుట్టుకొలత సుమారు 2,167 మిల్లీమీటర్లు. అరుగుదల 2.5 మిల్లీమీటర్లు అనుకోండి, అది వ్యాసార్థంలో తగ్గినట్టు, చుట్టుకొలతలో అయితే 15.7 మిల్లీమీటర్లు తగ్గినట్టు. అంటే కిలోమీటరుకి అరిగిన టైరు మూడు చుట్లకి పైగా ఎక్కువ తిరగాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు అనుకుంటే దారి పొడుగునా తొమ్మిది వందల చుట్లు పైచిలుకు తేడా. తిన్నగా ఉన్న హైవే మీద కూడా బండి లోపల మాత్రం ఎప్పుడూ మలుపు తిరుగుతున్నట్టే ఉంటుందన్నమాట.

ఇది నమ్మడం కష్టం అనిపిస్తే ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. మా షెడ్డులో నేను కస్టమర్లకి చూపించే పద్ధతి ఇదే: చదునైన నేల మీద టైరు కింద, నేల మీద ఒకేచోట సుద్దముక్కతో గీత పెట్టి, స్టీరింగు తిన్నగా పట్టుకుని బండిని మెల్లగా నెట్టి, టైరు మీద గీత మళ్లీ నేలకి ఆనినచోట ఇంకో గీత పెట్టండి. ఒక చుట్టుకి తేడా సరిగా తెలియదు, ఐదు చుట్లు నెట్టి చూడండి, కొత్త టైరుకీ అరిగిన టైరుకీ మధ్య బెత్తెడు దాకా ఖాళీ కనపడుతుంది అపార్ట్‌మెంటు సెల్లార్లో అయినా సరే. గాలి మాత్రం ముందే అన్నిట్లో సమానంగా పెట్టుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది.

సరే, ఈ తేడా వల్ల ఏమవుతుందనేది ఏ రకం ఆల్ వీల్ డ్రైవ్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. కొన్ని బళ్లలో నాలుగు చక్రాలకీ ఎప్పుడూ బలం వెళ్తూనే ఉంటుంది, అలాంటి వాటిలో మధ్య డిఫరెన్షియల్‌కో క్లచ్ ప్లేట్లకో రోజంతా విశ్రాంతి ఉండదు. మీ హైరైడర్‌లో మామూలప్పుడు ముందు చక్రాలే లాగుతాయి, జారినప్పుడో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడో కప్లింగు పట్టుకుని వెనక చక్రాలకి బలం పంపుతుంది. పట్టు వదిలి ఉన్నంతసేపు చిన్న తేడాలు దాన్ని పెద్దగా బాధపెట్టవు, పట్టుకున్నప్పుడే లోపలి ప్లేట్లు ఒకదానికొకటి రాసుకుని వేడెక్కుతాయి. కానీ తేడా ఎక్కువైతే ఇంకో చిక్కు ఉంది, చక్రాల స్పీడు చూసే కంప్యూటరు పెద్ద తేడాని జారుడు అనుకుని అవసరం లేని చోట కూడా కప్లింగుని పిలవచ్చు.

ఒకసారి మా షెడ్డుకి ఒక ఎస్‌యూవీ వచ్చింది, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆయన చెప్పింది ఒక్కటే, యూటర్న్ తీసుకుంటుంటే బండిని వెనకనుంచి ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది అని. నేను నడిపి చూశాను, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే దడదడమని ఊగింది, దిగి వెనక కిందకి వంగితే మాడిన గేర్ ఆయిల్ వాసన. ఆయిలు దించితే నల్లగా, వేలికి రాసుకుంటే సన్నటి పొడి తగిలింది. అప్పుడు టైర్లు చూశాను. ముందు రెండూ అంతకుముందు నెలలోనే వేసిన కొత్తవి, వెనక రెండూ గుండు అయిపోయినవి, అరుగుదల గుర్తు కనపడుతోంది. ఆ మనిషి బద్ధకస్తుడు కాదు, జాగ్రత్తపరుడే, జత టైర్లు మార్చాలి అని ఎవరో చెబితే అలాగే మార్చాడు. చెప్పినవాళ్లు ఆల్ వీల్ డ్రైవ్ గురించి ఆలోచించలేదు. ఆ రోజు ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే, అందుకే ఈ విషయం ఇంత సాగదీసి రాస్తున్నాను.

అక్కడ గమనించాల్సింది ఏంటంటే, జతగా మారిస్తే ఆ యాక్సిలు మీద కుడి ఎడమల తేడా పోతుంది, నిజమే, కానీ ముందుకీ వెనక్కీ మధ్య తేడా పూర్తిగా మధ్య కప్లింగు నెత్తిన పడుతుంది. ఒక్క టైరే కొత్తదైతే యాక్సిలు సగటు కాబట్టి మధ్యలోకి చేరేది సగమే. అంటే రెండు మార్చడం ఒకటి మార్చడం కంటే ప్రతిసారీ మంచిదేమీ కాదు, ఆల్ వీల్ డ్రైవ్ విషయంలో. దీన్ని చాలామంది షాపులవాళ్లు కూడా పట్టించుకోరు.

ఇప్పుడు మీ కాగితం మీది లెక్కలకి వద్దాం, ఆ అబ్బాయి గేజి పెట్టి కొలిచి రాసిచ్చినందుకు నా తరపున థాంక్స్ చెప్పండి. మీరు కొత్త టైరుని పోయిన చోటే, ముందు ఎడమకి వేశారనుకోండి. ముందు 8, 5.5, సగటు 6.75. వెనక సగటు 6.45. ముందు వెనకల తేడా 0.3 మాత్రమే, కప్లింగు హాయిగా ఉంటుంది. కానీ ముందు యాక్సిలు మీద కుడి ఎడమల మధ్య 2.5 తేడా, ముందు డిఫరెన్షియల్ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, స్టీరింగు ఒక పక్కకి లాగొచ్చు, బ్రేకు గట్టిగా తొక్కితే తడి రోడ్డు మీద రెండు పక్కలా పట్టు ఒకలా ఉండదు. అదే కొత్త టైరుని వెనక్కి తీసుకెళ్లి 6.5 ఉన్నదానికి జతచేసి, 6.4 ఉన్నదాన్ని ముందు 5.5 పక్కకి తెచ్చారనుకోండి. వెనక కుడి ఎడమల తేడా 1.5, ముందు 0.9, యాక్సిళ్ల సగటు తేడా 1.3. అన్నీ ఒకటిన్నర లోపే సర్దుకున్నాయి. కొత్త గ్రిప్పు వెనక ఉండటం తడి రోడ్డుకి ఎలాగూ మంచిది, వెనక చక్రాలు జారితే బండిని అదుపు చెయ్యడం చాలా కష్టం.

కాబట్టి నేను చెప్పేది ఇదీ. మొదట మీ ఓనర్ మాన్యువల్ తీసి టైర్ల మార్పిడి పేజీ చదవండి, నాలుగూ మార్చమని స్పష్టంగా రాసి ఉంటే నా మాట కంటే దాని మాటే ఎక్కువ, వారంటీ ఉన్న బండి అయితే మరీను. మాన్యువల్ అంత కచ్చితంగా చెప్పకపోతే ముందు సేమ్ కంపెనీ, సేమ్ మోడల్, 6 మిల్లీమీటర్ల దగ్గర్లో ఉన్న వాడిన టైరు దొరుకుతుందేమో వెతకండి. కొత్త అలాయ్‌లు వేయించుకునేవాళ్లు కంపెనీ టైర్లు తీసి అమ్మేస్తుంటారు, యాక్సిడెంటు బళ్లవీ వస్తాయి, సెకండ్ హ్యాండ్ షాపుల్లో రెండు మూడు రోజులు తిరిగితే దొరికే అవకాశం ఉంది. కొనేముందు సైడ్‌వాల్ మీద నాలుగంకెల కోడు చూడండి, 2323 అని ఉంటే 2023లో 23వ వారం తయారైంది అని అర్థం. లోపలి వైపు కూడా చెయ్యి పెట్టి తడిమి చూడాలి, పాత ప్యాచ్‌లు, ముడతలు ఉన్నది తీసుకోవద్దు. అది దొరక్కపోతే ఒక్క కొత్త టైరు, అదే మోడలు, నేను చెప్పినట్టు వెనక్కి. నాలుగూ మార్చక్కర్లేదు. మీ టైర్లలో ఇంకా సగానికి పైగా ప్రాణం ఉంది, 1.6 మిల్లీమీటర్లకి వచ్చేదాకా చట్ట ప్రకారం నడపొచ్చు, నేనైతే వానాకాలానికి 3 దగ్గరే మార్చేస్తాను.

వేసిన తర్వాత అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి, టైరు చిరిగేంత దెబ్బ తగిలిందంటే రిమ్ము, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కూడా చూడాలి. టైర్ ప్రెషర్ వార్నింగ్ సిస్టమ్ ఉంటే రీసెట్ చెయ్యండి. కప్లింగుని పట్టి ఉంచే లాక్ మోడ్‌ని పొడి తారు రోడ్డు మీద వాడొద్దు, ఇది ఎప్పుడూ వర్తిస్తుంది కానీ మీకు ఇప్పుడు మరీ ముఖ్యం. ఇకనుంచి ప్రతి సర్వీసుకీ గేజి పెట్టించి, ఎక్కువ అరిగినవి వెనక్కి, తక్కువ అరిగినవి ముందుకి మార్పించండి, ముందు చక్రాలే ఎక్కువ అరిగే బండి కాబట్టి నెమ్మదిగా నాలుగూ దగ్గరికొచ్చేస్తాయి. మొదట్నుంచీ రొటేషన్ చేసి ఉంటే ఈ లెక్క ఇంకా తేలికయ్యేది సార్, అదొక్కటి మాత్రం మీ మీద కోప్పడుతున్నాను.

ప్రశ్న: అంకుల్, మేము అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో ఉంటాం. సుబారు అవుట్‌బ్యాక్, 225/60 ఆర్18 టైర్లు. ఒక టైరులో భుజం దగ్గర, అంటే ట్రెడ్డూ సైడ్‌వాలూ కలిసే అంచులో, స్క్రూ దిగింది, రిపేరు కుదరదన్నారు. మిగతా మూడింట్లో 6/32 అంగుళాలు ఉంది, కొత్తది 10/32. ఇక్కడ కొత్త టైరుని చెక్కి పాతవాటితో సమానం చేసి ఇస్తారట, అది నిజంగా మంచిదేనా? శీతాకాలంలో పిల్లల్ని తీసుకుని కొండల్లోకి వెళ్తుంటాం.

జవాబు: అమ్మా, టైరు చెక్కడం అనేది నిజమైన పనే, మోసం కాదు. ప్రత్యేకమైన మెషీను మీద తిప్పుతూ ట్రెడ్‌ని కావలసిన మందానికి కోస్తారు, అమెరికాలో టైర్ ర్యాక్ లాంటి పెద్ద షాపులు ఇది చేస్తాయి. మన దగ్గర ఈ సౌకర్యం మామూలు టైర్ల షాపుల్లో లేదు, ఉంటే పైనున్న కొండాపూర్ సార్‌కి అదే చెప్పేవాణ్ణి. కొత్త రబ్బరు తీసేస్తుంటే డబ్బు దండగ అనిపిస్తుంది కానీ మూడు మంచి టైర్లు పారెయ్యడం కంటే ఒక టైరులో కొంత రబ్బరు పోవడం నయం.

సుబారులో నాలుగు చక్రాలూ ఎప్పుడూ కలిసే పనిచేస్తాయి కాబట్టి వాళ్లు కాస్త కఠినంగానే ఉంటారు, నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం దాటకూడదంటారు. మీ లెక్కలో 4/32 అంగుళాల అరుగుదల చుట్టుకొలతలో ముప్పావు అంగుళం పైనే, మూడింతలు దాటింది. కాబట్టి ఒక్క కొత్త టైరు అలాగే వెయ్యడం అనేది మీ విషయంలో అసలు ఆలోచించకూడదు, రెండు వెయ్యడం ఇంకా తప్పు.

ఇక చెక్కించడమా, నాలుగూ కొనడమా. మీరు డెన్వర్‌లో కాకుండా టెక్సాస్‌లో ఉండి ఉంటే చెక్కించమనేవాణ్ణి. కానీ కొలరాడో ట్రాక్షన్ చట్టం ప్రకారం ఐ-70 హైవే మీద మోరిసన్ నుంచి డాట్సెరో దాకా, సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు, ఆల్ వీల్ డ్రైవ్ బండికైనా ట్రెడ్ కనీసం 3/16 అంగుళాలు ఉండాలి. 3/16 అంటే 6/32. అంటే మీ మూడు టైర్లూ ఇప్పుడే సరిగ్గా గీత మీద నిలబడి ఉన్నాయి, నాలుగోదాన్ని కూడా డబ్బిచ్చి ఆ గీత దగ్గరికే తెచ్చుకుంటున్నారన్నమాట. రెండు నెలలు తిరిగితే నాలుగూ గీత కిందకి పోతాయి, అదీ సరిగ్గా మంచు మధ్యలో. చట్టం సంగతి పక్కన పెట్టినా, మంచుని పట్టుకునేది ట్రెడ్ లోతే, ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయం చేస్తుంది కానీ ఆపడానికి చెయ్యదు, దిగుడు రోడ్డులో బ్రేకు వేసినప్పుడు మీకైనా పక్క బండికైనా ఆపడానికి ఉండేవి టైర్లే. పిల్లలు వెనక సీట్లో ఉంటారు. నాలుగూ కొనెయ్యండి అమ్మా. సైడ్‌వాల్ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉన్నవి చూసుకుని తీసుకోండి.

అదే మిగతా మూడింట్లో 8/32 ఉండుంటే ఒకటి కొని 8కి చెక్కించుకుని నిశ్చింతగా ఉండమనేవాణ్ణి. ఇంకోటి, అక్కడ క్వార్టర్ నాణెం పెట్టి చూసే అలవాటు ఉంది కదా, వాషింగ్టన్ తల దాకా వస్తే 4/32 అంటారు. అది కొలరాడో కొండలకి సరిపోదు, చిన్న ట్రెడ్ గేజి కొని కార్లో పెట్టుకోండి, కొన్ని డాలర్లే. టైర్లు కొన్నచోట రోడ్ హజార్డ్ వారంటీ తీసుకుని ఉంటే పోయిన టైరుకి ఎంతో కొంత వెనక్కి వస్తుంది, బిల్లు వెతికి అడగండి.

ప్రశ్న: అన్నా, మాది పాడేరు. థార్ 4x4. రాయి తగిలి వెనక టైరు ఒకటి చిరిగింది. తలుపు మీదున్న స్టెప్నీ ఇంతవరకు నేల మీద పెట్టలేదు. అదే వేసేసి నడుపుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, నీ బండి పై రెండింటిలాంటిది కాదు. థార్‌లో లివరు 2హెచ్‌లో ఉన్నంతసేపు వెనక చక్రాలకే బలం, ముందువాటికి సంబంధం తెగి ఉంటుంది. 4హెచ్ వేసినప్పుడు మాత్రం ముందు వెనక షాఫ్టులు గట్టిగా కలిసిపోతాయి, మధ్యలో సర్దే డిఫరెన్షియల్ ఉండదు. కాబట్టి రోజువారీ 2హెచ్‌లో నడుపుకో, 4హెచ్ బురదలో, గులకరాళ్ల దారిలో, తడిసిన మట్టి ఘాట్‌లో మాత్రమే, అక్కడ చక్రాలు కొంచెం జారి తేడా వదిలించుకుంటాయి. తారు రోడ్డు రాగానే 2హెచ్‌కి మార్చెయ్యి.

స్టెప్నీ ఫుల్ సైజుది, అదే కంపెనీ అదే మోడలు కాబట్టి వాడుకో. కానీ కొత్త టైరుని వెనక పాతదాని పక్కన పెట్టకుండా ముందు ఒక పక్క వేసి, ముందున్న టైరుని వెనక్కి తీసుకెళ్లు, 2హెచ్‌లో బలం వెళ్లేది వెనక జతకే కదా. నీ వేరియంట్‌లో వెనక లాకింగ్ డిఫరెన్షియల్ ఉంటే వెనక రెండూ సమానంగా ఉండటం ఇంకా ముఖ్యం, గేజి పెట్టి దగ్గరగా ఉన్న రెండింటినీ వెనక జత చెయ్యి. స్టీరింగు లాగితే మాత్రం ముందు కుడి ఎడమ మార్చి చూడు, టైరు మీద తిరిగే దిశ బాణం లేకపోతేనే.

కొత్త టైరు ఒకటి కొని స్టెప్నీ చోట తగిలించు, ఘాట్‌లో ఖాళీ తలుపుతో తిరగొద్దు. తర్వాత నుంచి ఐదు టైర్లూ తిప్పు, ప్రతి సర్వీసుకీ స్టెప్నీని కిందకి దించి ఒకదాన్ని తలుపు మీదకి ఎక్కించు, అప్పుడు ఐదూ ఒకేలా అరుగుతాయి, మళ్లీ రాయి తగిలినా అప్పటికి సరిపోయే టైరు వెనక తలుపు మీదే ఉంటుంది. చాలా థార్‌లలో ఆ టైరు ఏళ్ల తరబడి ఎండకి ఎండి, వానకి తడిసి, వాడకుండానే పగుళ్లు పట్టిపోతుంది. నీదాన్ని కూడా వేసే ముందు సైడ్‌వాల్ మీద ఆ నాలుగంకెల కోడు చూసి, వేళ్లతో వంచి పగుళ్లు ఉన్నాయేమో చూడు. పగుళ్లు కనపడితే నేల మీద పెట్టకపోయినా అది పాత టైరే, వేసుకోకు.